ఏటిగట్టు మీద పన్నెండు బోర్డులు

డిసెంబర్ 1

కార్తీకంలో మా బాబాయి స్కూటర్‌తో సహా కాలువలో పడ్డాడు. అంబాజీపేట, పి.గన్నవరం మధ్య మా ఊరి దారి కాలువ గట్టు మీదుగా పోతుంది. ఒక మలుపులో లోపలి వైపంతా కొబ్బరి తోట, చెట్ల మధ్య అరటి. ఎదురుగా కొబ్బరికాయల లోడుతో వస్తున్న ట్రాక్టర్ ఆయనకి కనపడేసరికి మధ్యలో పాతిక మీటర్లు కూడా లేవు. ఇద్దరూ బ్రేకు వేశారు. ట్రాక్టర్ ఆగింది, స్కూటర్ జారింది. మోకాలికి ఆరు కుట్లు పడ్డాయి. నీళ్లు నడుం లోతే ఉన్నాయి కాబట్టి అంతటితో పోయింది.

ఇంటికొచ్చాక ఆయన ఒకటే మాట: "హారన్ కొట్టాన్రా. ఇంజను మోతలో వాడికి వినపడలేదు."

ఆ మాట నన్ను వదలట్లేదు. బండ్లు ఒకదాని ఉనికి ఒకదానికి రేడియోలో చెప్పుకుంటే ఇంజను మోత అడ్డం రాదు. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. అమెరికాలో 1999లోనే దీనికోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ కేటాయించారు. బండ్ల కోసం వైఫైని మలిచిన 802.11పీ ప్రమాణం 2010లో వచ్చింది. నాకు కావలసింది మాత్రం మా గట్టు మీద, మా రేవులో, మా కొబ్బరి చెట్ల మధ్య ఇది ఎన్ని బండ్లని మోయగలదన్న లెక్క. బాబాయి కూతురు ఈసీఈ ఫైనలియర్. "అన్నయ్యా, నా ప్రాజెక్టు ఇదే" అంది. ఈ డైరీ ఇద్దరిదీ.

డిసెంబర్ 4

ముందు కాగితం మీద లెక్క వేశాం.

కెపాసిటీ (చానల్ ఎంత సమాచారం మోయగలదన్నది) అనగానే అందరూ సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన షానన్ 1948లో ఇచ్చిన సూత్రం దగ్గరికి వెళ్తారు. 10 మెగాహెర్ట్జ్ చానల్, శబ్దం కన్నా సిగ్నల్ 10 డెసిబెల్స్ ఎక్కువ అనుకుంటే సెకనుకి సుమారు 34.6 మెగాబిట్లు వస్తాయి. అది ఒక జత మధ్య ఉన్న గరిష్ఠ పరిమితి. బండ్ల విషయంలో అసలు ప్రశ్న వేరు. ఒకే చానల్‌లో అందరూ మాట్లాడాలి, ఒకరు మాట్లాడేటప్పుడు వినే దూరంలో ఉన్న మిగతావాళ్లు ఆగాలి. అంచేత లెక్కించాల్సింది గాలిలో సమయం.

802.11పీలో మామూలుగా వాడే వేగం 6 మెగాబిట్లు. ఒక బండి తన చోటు, వేగం, దిశ చెప్పే సందేశం 300 బైట్లు అనుకున్నాం. ఒక్కో సింబల్, అంటే ఒక విడతలో గాలిలోకి పంపే ముక్క, 8 మైక్రోసెకన్లు, దానిలో 48 బిట్లు. ముందూ వెనకా కలిపే కొన్ని బిట్లతో సహా డేటాకి 51 సింబల్స్, అంటే 408 మైక్రోసెకన్లు. ముందుండే ప్రియాంబుల్ (సందేశం వస్తోందని చెప్పే సంకేతం), హెడర్‌లకి 40. చానల్ ఖాళీగా ఉందో లేదో చూసే 58, ఢీకొనకుండా అడ్డదిడ్డంగా ఆగే సమయం (బ్యాకాఫ్) సగటున 97.5. మొత్తం 603 మైక్రోసెకన్ల చిల్లర. ఒక్కో సందేశం ఒక ప్యాకెట్ అనుకుంటే సెకనుకి సుమారు 1,650 ప్యాకెట్లు. ప్రతి బండీ సెకనుకి పదిసార్లు చెప్తే, ఒకరినొకరు వినే దూరంలో 165 బండ్లు.

మేము 5.9లో ప్రసారం చేయట్లేదు. అనుమతి లేకుండా ఆ బ్యాండ్ జోలికి పోకూడదు. లైసెన్సు అక్కర్లేని 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫై ఉన్న చిన్న ఈఎస్‌పీ32 బోర్డులు, వాటి ఈఎస్‌పీ-నౌ ప్రోటోకాల్ వాడుతున్నాం. రౌటర్ అవసరం లేదు, బోర్డు నుంచి బోర్డుకి నేరుగా బ్రాడ్‌కాస్ట్ అవుతుంది, అంటే వినే అందరికీ ఒకేసారి. దాని మామూలు వేగం 1 మెగాబిట్టే. మా 100 బైట్ల సందేశానికి హెడర్లు కలిపి 143 బైట్లు, గాలిలో 1,336 మైక్రోసెకన్లు. వేచి ఉండే సమయం కలిపితే 1,696. సెకనుకి 590 ప్యాకెట్లు, అంటే 59 బండ్లు.

ఈ 59ని గోడ మీద సుద్దతో రాసి పెట్టాం. ఇక దీన్ని పరీక్షించాలి.

డిసెంబర్ 15

పన్నెండు బోర్డులు, ఒక్కోదానికి జీపీఎస్ మాడ్యూల్, పవర్ బ్యాంక్. పదమూడోది వినడానికి మాత్రమే. మేడ మీద కొబ్బరికాయలు ఆరబోసే చోట వరసగా పెట్టాం. పన్నెండు బోర్డులు, సెకనుకి పదేసి ప్యాకెట్లు, మొత్తం 120. మా 590తో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఒక్కటి కూడా పోకూడదు.

సగానికి పైగా పోయాయి.

డిసెంబర్ 19

నాలుగు రోజులు పట్టింది. ముందు పవర్ బ్యాంకుల్ని అనుమానించాం. తర్వాత యాంటెన్నాలని, తర్వాత పక్కింటి వైఫైని. చానల్ మార్చాం, బోర్డుల మధ్య దూరం పెంచాం. ఏం చేసినా అంతే. ప్రాజెక్టు రివ్యూ దగ్గరపడుతోందని చెల్లికి ఒకటే టెన్షన్.

చివరికి తనే పట్టుకుంది. వినే బోర్డు లాగ్‌లో ప్యాకెట్లు వచ్చిన సమయాలని గీతల్లా గీసింది. అన్నీ ప్రతి వంద మిల్లీసెకన్ల మొదట్లో గుత్తులుగా ఉన్నాయి, మధ్యలో అంతా ఖాళీ. కొలతలు పోల్చడం తేలికని బోర్డులన్నిటి గడియారాన్నీ జీపీఎస్ ఇచ్చే సెకను పల్స్‌కి నేనే కట్టాను. పల్స్ రాగానే పన్నెండూ ఒకేసారి "చానల్ ఖాళీగా ఉందా?" అని చూస్తున్నాయి. ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు. అన్నీ ఒక్కసారే మాట్లాడుతున్నాయి. బ్రాడ్‌కాస్ట్‌కి అందినట్టు జవాబు ఉండదు, కాబట్టి ఢీకొన్న సంగతి పంపినవాడికి తెలియదు. మళ్లీ పంపడం కూడా ఉండదు. మళ్లీ వంద మిల్లీసెకన్లకి అదే వరస.

ప్రతి బోర్డూ తన వంతుకి ముందు 0 నుంచి 50 మిల్లీసెకన్ల మధ్య ఏదో ఒక సంఖ్య అడ్డదిడ్డంగా ఎంచుకుని ఆగేలా ఒక్క లైను రాశాం. పోయే ప్యాకెట్లు వందకి ఒకటి లోపుకి వచ్చాయి. ఇలాంటి పని చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మొదటి రోజే ఈ లైను రాయండి.

డిసెంబర్ 22

59 బండ్లు మా దగ్గర లేవు. అందుకని ఒక్కో బోర్డూ నాలుగు బండ్లలా నటిస్తుంది, సెకనుకి 40 ప్యాకెట్లు. పన్నెండు బోర్డులు కలిపి 48 బండ్లు. కోసేసిన చేలో, అడ్డు ఏమీ లేని చోట పెట్టాం. లెక్క ప్రకారం చానల్ 81 శాతం నిండాలి. నష్టం పదిలోపే ఉంది. ఒక బోర్డు తనతో తాను ఢీకొనదు కాబట్టి నిజమైన 48 బండ్లకి ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుంటూనే, గోడ మీది 59 మరీ గాలి కబురు కాదని ధైర్యం వచ్చింది.

డిసెంబర్ 29

ఈ రోజు బాబాయి పడిన మలుపు దగ్గర కొలిచాం.

ముందు ఎంత దూరం కావాలో చూసుకున్నాం. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. తేరుకుని బ్రేకు నొక్కడానికి సెకనున్నర, తడి రోడ్డు మీద ఆగే దూరంతో కలిపి ఒక్కో బండికి సుమారు 37 మీటర్లు. ఎదురెదురుగా ఇద్దరు, కాబట్టి 75. అంటే 75 మీటర్ల కన్నా ముందే కనీసం ఒక్క ప్యాకెట్ అందాలి.

స్కూటర్ల హెడ్‌లైట్ పక్కన, నేలకి మీటరు ఎత్తులో బోర్డులు కట్టాం. తిన్నటి రోడ్డు మీద బాగానే ఉంది. మలుపులో 60 మీటర్లు దాటితే తెగిపోతోంది. పొద్దున మంచుకి అరటాకులు ముద్దగా తడిసి ఉన్నప్పుడు 50 కూడా రాలేదు. నీళ్లున్న ఆకు ఈ ఫ్రీక్వెన్సీని బాగా మింగేస్తుంది. 5.9లో అయితే ఇంకా కష్టం. అడ్డే లేని చోట కూడా అదే దూరానికి, అలాంటి యాంటెన్నాలతోనే, 2.4 కన్నా 7.7 డెసిబెల్స్ ఎక్కువ తగ్గుతుంది.

ఎత్తు సంగతి ఇక్కడ బాగా తెలిసొచ్చింది. నేరుగా వచ్చే తరంగం, నేల మీద పడి తిరిగొచ్చే తరంగం కొంత దూరం దాటాక ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మొదలుపెడతాయి. ఆ దూరం రెండు యాంటెన్నాల ఎత్తుల లబ్ధానికి నాలుగు రెట్లు చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వస్తుంది. మనకి తరంగదైర్ఘ్యం 12.3 సెంటీమీటర్లు. మీటరు ఎత్తుకి 32 మీటర్లు. ఆటో టాపు ఎత్తు, అంటే 1.9 మీటర్లకి 117. ఆ దూరం దాటితే సిగ్నల్ దూరానికి నాలుగో ఘాతంగా పడిపోతుంది. స్కూటర్ వెనక కర్ర కట్టి బోర్డు రెండు మీటర్లకి లేపగానే మలుపులో కూడా 110 దాకా అందింది.

ఇంకోటి. ఎదురెదురుగా సెకనుకి 22 మీటర్లు దగ్గరవుతారు. 120 నుంచి 75 మీటర్లకి రావడానికి రెండు సెకన్లు, అంటే ఇరవై ప్యాకెట్లు. వందకి నలభై పోయినా ఇరవైలో ఒక్కటైనా అందకుండా ఉండదు కదా అనుకున్నాను. కాగితం మీద అది నిజం. గట్టు మీద నష్టాలు విడివిడిగా రావు. అరటి గుబురు అడ్డం ఉన్నంతసేపూ ఇరవైకి ఇరవై పోతాయి, గుబురు దాటగానే అన్నీ వస్తాయి. ఈ మలుపులో చానల్ ఎప్పుడూ ఖాళీయే. కరువు చానల్‌కి కాదు, వినికిడికి.

కనుమ మర్నాడు

నిన్న జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. పదకొండు ఊళ్ల ప్రభలు వస్తాయి, జనం ఇసకేస్తే రాలరు. దర్శనం అయ్యాక తోట అంచున మూడు బోర్డులు పెట్టి చూశాం. మూడే అయినా, ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నా, ప్యాకెట్లు విపరీతంగా పోయాయి. చుట్టూ వేల ఫోన్లు, హాట్‌స్పాట్లు, బ్లూటూత్, అన్నీ ఇదే బ్యాండ్‌లో. బండ్ల భద్రతకి విడిగా బ్యాండ్ ఎందుకు అడుగుతారో ఆ లాగ్ చూస్తే చాలు. అమెరికాలో ఆ 75 మెగాహెర్ట్జ్‌ని 2020లో 30కి తగ్గించి మిగతాది వైఫైకి ఇచ్చారు. ప్రాణాల మీదకి వచ్చే సందేశానికి ఆమాత్రం చోటు ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

జనవరి 26

సఖినేటిపల్లి రేవు. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువగా ఎదురుచూసిన రోజు ఇదే.

గోదావరి వశిష్ఠ పాయ దాటి నరసాపురం వెళ్లే పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) కోసం ఇక్కడ బండ్లు ఆగుతాయి. మోటారు సైకిళ్లు, ఆటోలు, కూరగాయల బండ్లు. బోలెడన్ని బండ్లు ఒకేచోట ఉంటాయి కాబట్టి కెపాసిటీకి అసలు పరీక్ష ఇక్కడేనని మొదటి నుంచీ అనుకున్నాం. వచ్చి చూశాక అర్థమైంది, పరీక్ష బండ్ల లెక్కది కాదు, ఏటిగట్టుది.

వరద ఆపడానికి కట్టిన గట్టు అది, మట్టి గోడలాంటిది. ఊరి వైపు కొన్ని బండ్లు, గట్టు ఎక్కి దిగాక ఏటి వైపు కొన్ని. గట్టు మీద ఉన్న బండికి రెండు వైపులా వినపడుతుంది. కింద ఉన్నవాళ్లకి అటువైపు వాళ్లు ఉన్నట్టే తెలియదు. చానల్ ఖాళీగా ఉందనుకుని రెండు వైపుల వాళ్లూ ఒకేసారి మాట్లాడతారు. గట్టు మీదవాడి చెవిలో రెండూ కలిసి ఏదీ అర్థం కాదు. గట్టు ఎక్కుతున్న బండికే అవతల నుంచి ఎవరొస్తున్నారో తెలియడం అన్నిటికన్నా ముఖ్యం, తీరా వాడికే వినపడదు.

ఊరి వైపు ఆరు బోర్డులు, ఏటి వైపు ఆరు, గట్టు మీద పదమూడోది. పంటు మనిషి వచ్చి అడిగాడు: "ఏంటండీ ఇయ్యి? సర్వేనాండీ?" చెప్పాను. కాసేపు విని, "ఆయ్, అయితే అటోళ్లు కేకేసినప్పుడే ఇటోళ్లూ కేకేత్తన్నారన్నమాటండి" అన్నాడు. చెల్లి ఆ వాక్యాన్ని అలాగే నోట్సులో రాసుకుంది.

నష్టం 42 శాతం. అవే బోర్డులు, అదే వేగం, చేలో పదిలోపు నష్టం.

జనవరి 28

దీనికి పాత లెక్క ఒకటి సరిపోయింది. 1970లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అలోహా పద్ధతి ప్రకటించారు. దీవుల్లో ఉన్న టెర్మినల్స్ ఒకదాన్నొకటి వినలేవు, అన్నీ మధ్యలో ఒక కేంద్రానికే పంపుతాయి. మా గట్టు పరిస్థితి అచ్చం అదే. లంకల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, దీవుల కోసం కట్టిన సూత్రం మా రేవుకి అతికినట్టు సరిపోతే మనసుకి భలే హాయిగా అనిపించింది.

అలోహా ప్రకారం ప్యాకెట్ క్షేమంగా చేరే అవకాశం, 2.718ని మైనస్ 2జి ఘాతానికి లేపితే వస్తుంది. జి అంటే కనపడని వాళ్లు గాలిని ఆక్రమించే భాగం. అటువైపు 24 బండ్లు (ఆరు బోర్డులు, ఒక్కోటీ నాలుగు బండ్లలా), సెకనుకి పదేసి, ఒక్కోటి 1.336 మిల్లీసెకన్లు. జి 0.32. నష్టం 47 శాతం రావాలి. మాకు 42 వచ్చింది. గట్టుకి దగ్గరగా ఉన్న బోర్డు సిగ్నల్ బలంగా ఉండి ఢీకొన్నా బతికిపోవడం వల్ల ఆ తేడా వచ్చి ఉంటుందని నా ఊహ.

అంటే గోడ మీది 59, "అందరూ అందరినీ వింటున్నారు" అన్న షరతు మీద నిలబడిన సంఖ్య. ఆ షరతు రాయకుండా సంఖ్య ఒక్కటే రాశాం. ఈ రోజు చెల్లి దాని కింద షరతు కూడా రాసింది.

ఫిబ్రవరి 2

మళ్లీ రేవుకి వెళ్లాం. వేగాన్ని 1 నుంచి 6 మెగాబిట్లకి మార్చాం. ప్యాకెట్ గాలిలో ఉండేది 1,336 మైక్రోసెకన్ల నుంచి 222కి తగ్గింది. కాగితం మీద నష్టం పదికి రావాలి, రేవులో 11 వచ్చింది. వేగం పెంచితే అందే దూరం తగ్గుతుంది. రేవులో ఉన్నవి దగ్గర దగ్గర బండ్లే కాబట్టి ఫర్వాలేదు. మలుపులో మాత్రం 1 మెగాబిట్టే ఉంచుతాం.

ఇంతకన్నా పెద్ద లాభం పంటు కోసం ఎదురుచూస్తుండగా తట్టింది. మా చుట్టూ ఉన్న బండ్లు ఏవీ కదలట్లేదు. ఆగి ఉన్న బండి సెకనుకి పదిసార్లు "నేనిక్కడే ఉన్నాను" అనడం దేనికి? యూరప్ ప్రమాణంలో ఇది ఎప్పుడో ఉంది: నాలుగు మీటర్లు కదిలినా, దిశ నాలుగు డిగ్రీలు మారినా, వేగం సెకనుకి అర మీటరు మారినా పంపాలి. లేకపోతే సెకనుకి ఒకసారి చాలు. ఆ నియమం పెట్టాం. 48 బండ్ల నుంచి సెకనుకి 480 బదులు 48 ప్యాకెట్లు. గట్టు ఎక్కే ఒక్క బండి పదేసి పంపుతుంటే మిగతావాళ్లంతా దానికి దారి ఇచ్చినట్టయింది. 1 మెగాబిట్ వేగంలోనే నష్టం ఆరేడుకి దిగింది.

ఫిబ్రవరి 9

పంటు మీద కూడా ఒక లెక్క వేశాం. స్కూటర్ ఎత్తులో ఉన్న మా బోర్డులతో ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి రేడియో అందలేదు. కానీ బండ్లు దాటుతున్నాయి. గ్రాస్‌గ్లాసర్, సే అనే ఇద్దరు పరిశోధకులు 2001లోనే చూపించిన సంగతి ఇది: ఆలస్యాన్ని ఓర్చుకోగలిగితే కదలిక నెట్‌వర్క్ సామర్థ్యాన్ని పెంచుతుంది. అంతకుముందు 2000లో గుప్తా, కుమార్ ఇచ్చిన ఫలితం, కదలని నోడ్లు (మాట్లాడుకునే రేడియోలు) పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గిపోతుందని. మోసుకెళ్తే ఆ పరిమితి సడలుతుంది.

రేవులో ఆగినప్పుడు ఒక్కో బండికి ఒక మెగాబైట్ ఇచ్చామనుకోండి. 250 బైట్ల ప్యాకెట్లతో 1 మెగాబిట్ వేగంలో దానికి 12 సెకన్లు, పది బండ్లకి రెండు నిమిషాలు. పంటు అరగంటకి ఒకసారి దాటితే సెకనుకి 44 కిలోబిట్లు అవతలికి చేరినట్టు. ఎదురొచ్చే బండి సంగతి చెప్పడానికి ఇది పనికిరాదు. అవతల గట్టు కోసుకుపోయిందనో, చించినాడ వంతెన మీద ట్రాఫిక్ ఆగిందనో చెప్పడానికి పనికొస్తుంది. ఇద్దరు ఆటోవాళ్లు ఒప్పుకున్నారు. రెండు బోర్డులు ఇప్పుడు రోజూ ఏరు దాటుతున్నాయి.

ఫిబ్రవరి 16

మలుపు దగ్గరికి తిరిగొచ్చాం. తోట రైతు ఒప్పుకుని గట్టు మొదట్లో వెదురు బొంగు పాతనిచ్చాడు. నాలుగు మీటర్ల ఎత్తున ఒక బోర్డు. రెండు వైపుల నుంచీ విన్నదాన్ని మళ్లీ పలుకుతుంది. ఒక్కో మాట గాలిలో రెండుసార్లు పలికినట్టు, కాబట్టి కెపాసిటీ సగం, 59 కాస్తా ముప్ఫైకి కొంచెం తక్కువ. రేవులో ఈ పని చేస్తే మొత్తం చెడుతుంది. ఇక్కడ ఒక్కసారి నాలుగు బండ్లు ఎదురుపడితే ఎక్కువ. ఖర్చు పెట్టుకోవచ్చు.

పొద్దున ఆరున్నరకి, ఆకులు తడిగా ఉండగా కొలిచాం. బోర్డులు స్కూటర్లకి మీటరు ఎత్తులోనే ఉంచాం, కర్ర లేదు. 140 మీటర్ల నుంచి అందుతోంది.

తొమ్మిదింటికి బాబాయి వచ్చాడు. కుట్లు మానాక ఆ మలుపులో స్కూటర్ మీద రావడం ఇదే మొదటిసారి. చెల్లి అటువైపు నుంచి ట్రాక్టర్ ఎక్కి బయల్దేరింది. బాబాయి హ్యాండిల్ మీద పెట్టిన చిన్న బజర్ అరటి గుబురు కన్నా చాలా ముందే మోగింది. ఆయన బండి పక్కకి తీసి, కాలు నేల మీద ఆనించి, ట్రాక్టర్ వెళ్లేదాకా ఆగాడు. లాగ్ ప్రకారం అప్పటికి ఇద్దరి మధ్య 118 మీటర్లు.

బొంగు మీది బోర్డుకి పవర్ బ్యాంక్ ఒక రోజే వస్తోంది. వచ్చే ఆదివారం చిన్న సోలార్ ప్యానెల్ కట్టాలి. కొబ్బరి నీడ పడని చోటు ఎక్కడుందో బాబాయి చూస్తానన్నాడు.